తెగులు లేని కర్రపెండలం ఎవరి చేనుకు చేరుతుంది?

కాకినాడ జిల్లాలో పెద్దాపురం, జగ్గంపేట, గండేపల్లి వైపు మెట్టలో తిరిగిన వాళ్ళకు కర్రపెండలం చేలు కొత్త కాదు. రోడ్డు మీద నుంచి చూస్తే పచ్చగానే ఉంటాయి. చేలోకి దిగి ఆకు పట్టుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసిన ఆకు, ఒక పక్కకు మెలితిరిగిన ఈనెలు, ఎదగక గిడసబారిన మొక్క. దీన్ని మొజాయిక్ తెగులు అంటారు. దుంప తవ్వే రోజు వచ్చేసరికి ఎంత పోయిందో తెలుస్తుంది. తెగులు తగిలిన సమయం, రకం, తీవ్రతను బట్టి పావు వంతు పోవచ్చు, సగానికి పైగా కూడా పోవచ్చు.

ఈ తెగులుకు ల్యాబుల్లో సమాధానాలు ఉన్నాయి. టిష్యూ కల్చర్‌తో వైరస్ లేని మొక్కను తయారు చేయవచ్చు. తెగులును తట్టుకునే రకాలను మన దేశ ప్రభుత్వ సంస్థలే విడుదల చేశాయి. జన్యు మార్పిడి, జన్యు సవరణ పద్ధతులు కూడా ఈ పంట దగ్గరికి వచ్చేశాయి. మరి చేలో తెగులు ఎందుకు మిగిలింది?

అట్రాసిటీ కేసులు, హాస్టళ్ళు, స్కాలర్‌షిప్‌ల గురించి రాసే చోట ఒక దుంప పంట తెగులు గురించి ఎందుకు అని అడిగే వాళ్ళుంటారు. మా జవాబు ఒక్కటే. విత్తనం ఎవరి చేతిలో ఉంటుందన్నది భూమి ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్నకు కొనసాగింపు. ఆ ప్రశ్న మనది.

తెగులు నడిచే దారి

కర్రపెండలానికి వరిలా గింజ చల్లరు. పాత మొక్క కాండాన్ని జానెడు ముక్కలుగా కోసి నాటుతారు. ఇక్కడే ఈ పంట బలం, బలహీనత రెండూ ఉన్నాయి. ఒకసారి మంచి రకం చేతికొస్తే దాన్ని ఏళ్ళ తరబడి ఎవరినీ అడక్కుండా నాటుకోవచ్చు. కాండంలోకి ఒకసారి వైరస్ చేరితే ఆ కాండం నుంచి కోసిన ప్రతి ముక్కా వైరస్‌ను మోసుకునే వెళుతుంది. పిల్ల మొక్క మొలకతోనే జబ్బుతో పుడుతుంది.

మన దేశంలో ఈ తెగులుకు కారణం రెండు వైరస్‌లు. ఒకటి భారత కర్రపెండలం మొజాయిక్ వైరస్, రెండోది శ్రీలంక కర్రపెండలం మొజాయిక్ వైరస్. తెల్లదోమ వీటిని మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. దోమ దాటగలిగేది పక్క చేలకు మాత్రమే. వందల కిలోమీటర్లు దాటించేది లారీలో కట్టలు కట్టి పంపే కర్రలే. శ్రీలంక వైరస్ 2015లో కంబోడియాలో బయటపడింది. కొన్నేళ్ళలోనే వియత్నాం, థాయ్‌లాండ్‌లకు పాకింది. 1980ల చివర నుంచి ఉగాండాలో ఇదే జాతి తెగులు ఉగ్రరూపంలో వచ్చి తిండికి దీని మీదే ఆధారపడిన పల్లెలను ఆకలిలోకి నెట్టింది. కర్రపెండలం నష్టపోతే ముందు ఆకలయ్యేది ఎవరికో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తెగులు ఒక్కటే కాదు. కర్రపెండలాన్ని పీల్చేసే ఒక విదేశీ పిండినల్లి 2020లో కేరళలో కనిపించింది, తర్వాత తమిళనాడుకు పాకింది. దాన్ని అదుపు చేయడానికి బెంగళూరులోని జాతీయ సంస్థ పశ్చిమ ఆఫ్రికా నుంచి ఒక పరాన్నజీవి కందిరీగను తెప్పించి 2022లో విడుదల చేసింది. ఇది ఏ రైతూ కొనాల్సిన అవసరం లేని విజ్ఞానం. గాలిలో వదిలితే పెద్ద చేనా చిన్న చేనా అని చూడకుండా పని చేస్తుంది. విజ్ఞానం అంతటా ఇలా ఉండదు.

టిష్యూ కల్చర్ చేసేదేమిటి, చేయలేనిదేమిటి

వైరస్ మొక్క శరీరమంతా పాకినా, మొగ్గ కొసన శరవేగంగా విభజన చెందే కణాల దగ్గరికి చాలాసార్లు చేరలేకపోతుంది. ఆ కొస అర మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని సూక్ష్మదర్శిని కింద కోసి, పోషకాలు, హార్మోన్లు కలిపిన మాధ్యమంలో గాజు నాళికలో పెంచుతారు. కొన్నిసార్లు ముందుగా మొక్కను 37 డిగ్రీల పైచిలుకు వేడిలో కొన్ని వారాలు ఉంచి వైరస్‌ను బలహీనపరుస్తారు. మొలిచిన మొక్కలో వైరస్ ఉందో లేదో ఎలీసా, పీసీఆర్ పరీక్షలతో తేల్చుకుంటారు. ఆ తర్వాత షేడ్‌నెట్ కింద గాలికి, ఎండకు మెల్లగా అలవాటు చేసి నేలకు పంపుతారు.

విద్యార్థులు ఇక్కడ ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. వైరస్ లేని మొక్క వేరు, వైరస్‌ను తట్టుకునే మొక్క వేరు. టిష్యూ కల్చర్ ఇచ్చేది మొదటిది. హెచ్-165 లాంటి పాత రకాన్ని ల్యాబులో శుభ్రం చేసి నాటినా, చుట్టుపక్కల చేలన్నీ తెగులుతో ఉంటే తెల్లదోమ మళ్ళీ వైరస్‌ను తెచ్చి అంటిస్తుంది. ఎకరం చేనున్న వాళ్ళు ఒక్కరే శుభ్రంగా ఉండి గెలవలేరు. ఊరంతా కలిసి తెగులు మొక్కలు పీకేయాలి, ఊరంతా కలిసి మంచి కాండం నాటాలి. ఊళ్ళో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు, ఎవరి మాట వింటారు అన్నది మనకు తెలియని సంగతి కాదు.

తట్టుకునే గుణం తీసుకురావాలంటే సంకరం చేయాలి, లేదా జన్యువులో మార్పు చేయాలి. సంకరం కథ చాలా పాతది. 1930లు, 40లలో ఇప్పటి టాంజానియాలోని అమానీ పరిశోధన కేంద్రంలో కర్రపెండలాన్ని దాని అడవి చుట్టంతో కలిపారు. ఆ వంశం నైజీరియాలోని ఇబాదాన్‌కు, అక్కడి అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థకు చేరింది. పశ్చిమ ఆఫ్రికా రైతులు తరతరాలుగా కాపాడుకున్న నాటు రకాల్లో సీఎండీ2 అనే మరో బలమైన రక్షణ దొరికింది. మన దగ్గర తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 1963 నుంచి పనిచేస్తోంది. నైజీరియా నుంచి తెచ్చిన ఒక రకాన్ని శ్రీ పద్మనాభ పేరుతో ఇచ్చింది. తర్వాత శ్రీ రక్ష, శ్రీ శక్తి, శ్రీ సువర్ణ లాంటి తెగులు తట్టుకునే రకాలను తయారు చేసింది. ఇవేవీ జన్యు మార్పిడి పంటలు కావు.

జన్యు మార్పిడి విషయానికొస్తే, ఆఫ్రికాను పీడించే మరో తెగులు, గోధుమరంగు చారల తెగులును తట్టుకునేలా మార్చిన కర్రపెండలానికి కెన్యా 2021లో పర్యావరణ విడుదల అనుమతి ఇచ్చింది. ఆ పరిశోధన కెన్యా, ఉగాండా ప్రభుత్వ సంస్థలు, అమెరికాలోని డాన్‌ఫోర్త్ కేంద్రం కలిసి చేసినది. మన దేశంలో 2022లో కేంద్రం కొన్ని రకాల జన్యు సవరణ పంటలను జీఎం పంటల కఠిన నిబంధనల నుంచి తప్పించింది. 2025 మేలో రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. అందులో ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైంది. దుంప పంటలకు ఆ దారి తెరుచుకోవడానికి ఎంతో కాలం పట్టదు.

అయితే ల్యాబ్ చెప్పిందల్లా జరిగిపోదు. రెండు ఉదాహరణలు చాలు. సీఎండీ2 రక్షణ ఉన్న రకాలను టిష్యూ కల్చర్‌లో ఒక ప్రత్యేక పద్ధతిలో, అంటే మామూలు కణాల నుంచి పిండాలు పుట్టించే పద్ధతిలో పెంచినప్పుడు ఆ రక్షణే పోయిందని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మొక్కకు జన్యు మార్పిడి చేయాలంటే సాధారణంగా ఆ దశ దాటాలి. అంటే ఒక జబ్బుకు మందు పెట్టబోయి ఇంకో జబ్బుకు తలుపు తెరిచినట్టయింది. 2019లో జన్యు సవరణ కత్తెరతోనే వైరస్‌ను కోయాలని చూసిన మరో బృందానికి మొక్కలో రక్షణ రాకపోగా, కత్తెరకు దొరకని కొత్త రూపాలు వైరస్‌లో పుట్టడం కనిపించింది. ఈ ఫలితాలను దాచకుండా ప్రచురించిన వాళ్ళు శాస్త్రవేత్తలే. విజ్ఞానం మీద మాకున్న గౌరవం ఈ నిజాయితీ మీదనే. తలుపులు మూసి అనుమతులు ఇచ్చే పద్ధతి మీద మాకు ఆ గౌరవం లేదు.

ల్యాబు నుంచి చేనుకు మధ్య ఉన్న దూరం

ఒక చిన్న లెక్క వేద్దాం. మూడడుగుల దూరంలో నాటితే ఎకరానికి సుమారు 5,000 మొక్కలు పడతాయి. ఒక తల్లి మొక్క నుంచి మామూలుగా పది దాకా నాటే ముక్కలు వస్తాయి. ల్యాబు నుంచి వచ్చిన ఒక్క మొక్క ఏడాదికి పది చొప్పున పెరిగితే ఎకరానికి సరిపోయే సరికి నాలుగు పంటకాలాలు పడుతుంది. తిరువనంతపురం సంస్థే దీనికి ఉపాయం కనిపెట్టింది. రెండు కణుపుల చిన్న ముక్కలు కోసి, నర్సరీలో నీడ కింద మొలిపించి, తెగులు కనిపించిన వాటిని ఏరేసి, మూడు నాలుగు వారాలకు చేలో నాటే పద్ధతి అది. దీంతో ఒక మొక్క 60 వరకు అవుతుంది. రెండో ఏటికి 3,600. ఇందులో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. కావలసినవి షేడ్‌నెట్, నీళ్ళు, ఓపిక, కంటి చూపు, కాస్త భూమి.

ఆ చివరి మాట దగ్గరే ఆగిపోతున్నాం. కాస్త భూమి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో షెడ్యూల్డ్ కులాలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన చూస్తే సాగు కమతాల్లో వాళ్ళవి సుమారు 12 శాతం, విస్తీర్ణంలో 9 శాతం కన్నా తక్కువ. వ్యవసాయంలో బతికే దళితుల్లో పది మందికి ఏడుగురు కూలీలే. ఈ లెక్కల్లో ఉన్న కొద్దిపాటి భూమి కూడా ఎలాంటిది? అసైన్‌మెంట్ పట్టాల్లో మనకొచ్చింది ఎక్కువగా కాలువ నీళ్ళు ఎక్కని మెట్ట, గరప నేల, కొండవార పోరంబోకు. గోదావరి కాలువల కింద మాగాణి ఎవరిదో, ఎగువ మెట్ట ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. కర్రపెండలం అలాంటి నేలలో, వాన మీద ఆధారపడి, తక్కువ ఎరువుతో పండే పంట. అందుకే ఈ పంట మీద పరిశోధన పేదల మీద పెట్టుబడి అయ్యే అవకాశం ఉంది. కాకుండా పోయే అవకాశమూ అంతే ఉంది.

కౌలు రైతు సంగతి చూడండి. దుంప తవ్వాక కర్రలను కట్టలు కట్టి చెట్టు నీడన నిలబెట్టి మళ్ళీ వానలు పడేదాకా కాపాడుకోవాలి. నెలలు గడిస్తే కాండం ఎండి మొలక చస్తుంది. తెగులు లేని మొక్కలకు గుర్తు పెట్టుకుని, వాటి కర్రలే వేరుగా దాచుకోవాలి. ఇవన్నీ వచ్చే ఏడు కూడా నేను ఇక్కడే నాటుతాను అన్న నమ్మకం ఉన్నవాళ్ళు చేసే పనులు. ఏటేటా నోటి మాట మీద కౌలు మారే వాళ్ళకు ఆ నమ్మకం ఎక్కడిది? తవ్వకం అయ్యాక చేను అప్పగించాలి. కర్రలు మోసుకెళ్ళి ఎక్కడ పెట్టాలి? వచ్చే సీజన్‌లో దొరికిన చోట దొరికిన కాండం కొంటారు. తెగులుతో సహా కొంటారు. శాస్త్రవేత్త దీన్ని రైతుల అవగాహనా లోపం అని రాసుకుంటాడు. మేం దీన్ని భూమి హక్కు లోపం అంటాం.

ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద 11 నెలల పత్రం ఇస్తారు. దానికి భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో యజమాని పెట్టడు. సంతకం లేకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, బీమా లేదు, సబ్సిడీ మొక్క లేదు. ల్యాబు మొక్క ఎంత మంచిదైనా ఈ సంతకం దగ్గర ఆగిపోతుంది.

కంపెనీలు ఎందుకు రావు

టిష్యూ కల్చర్ అనగానే మన రైతులకు గుర్తొచ్చేది అరటి. గ్రాండ్ నైన్ మొక్కలు రాయలసీమ అరటి తోటలను మార్చేశాయి. ప్రైవేటు ల్యాబులు లక్షల్లో మొక్కలు అమ్మాయి. బిందు సేద్యం, బోరు, పెట్టుబడి ఉన్నవాళ్ళు లాభపడ్డారు. నాణ్యత కోసం కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో టిష్యూ కల్చర్ మొక్కలకు జాతీయ ధ్రువీకరణ వ్యవస్థ పెట్టింది. వైరస్ పరీక్ష చేసి మొక్కకు గుర్తింపు ఇవ్వడం దాని పని.

కర్రపెండలంలో ఆ వ్యాపారం నడవదు. కారణం ఆలోచిస్తే మనకు మేలు చేసేదే. ఒకసారి మంచి మొక్క కొన్న రైతు మరుసటి ఏడు మళ్ళీ కొనడు. తనే కోసి నాటుకుంటాడు, పక్కవాడికి నాలుగు కర్రలు ఇస్తాడు. ఏటా కొనిపించలేని విత్తనం మీద కంపెనీకి ఆసక్తి ఉండదు. హైబ్రిడ్ గింజకు, బీటీ పత్తికి, దీనికి ఉన్న తేడా ఇదే. అంటే ఈ పంటలో బయోటెక్నాలజీ పేదలకు చేరాలంటే ప్రభుత్వమో, సహకార సంఘాలో చేయాల్సిందే. మార్కెట్ చేస్తుందని ఎదురుచూస్తే తరాలు గడుస్తాయి.

ఇప్పుడు మార్కెట్ ఈ పంటను చూసే చూపు వేరు. సామర్లకోట, పెద్దాపురం పరిసరాల సగ్గుబియ్యం మిల్లులకు కావలసింది పిండి శాతం. దుంపలో పిండి ఎంతుందో బట్టి ధర. అందుకే పిండి ఎక్కువగా ఉండే రకాలే చేలలో నిలిచిపోయాయి. ఉడకబెట్టుకుని తినే తీపి రకం, త్వరగా కోతకొచ్చే రకం, చేదు తక్కువ ఉండే రకం గురించి మిల్లు అడగదు. కర్రపెండలంలో సైనైడ్ విడుదల చేసే పదార్థం ఉంటుందని, చేదు రకాలను సరిగా శుద్ధి చేయకపోతే ప్రమాదమని అందరికీ తెలుసు. ఆ పదార్థం లేకుండా జన్యు సవరణ చేసిన మొక్కలు కాలిఫోర్నియా ల్యాబుల్లో తయారయ్యాయి. ఏ గుణం మీద ముందు పరిశోధన చేయాలన్న నిర్ణయం తినేవాళ్ళను అడిగి జరుగుతోందా, మిల్లును అడిగి జరుగుతోందా? చెక్కు తీసే ఆడకూలీలను, మిల్లు మురుగునీటి పక్కన బతికే పేటలను అడగడం మాటెత్తే వాళ్ళే లేరు.

ఎవరి జ్ఞానం

కర్రపెండలం చరిత్ర మన దగ్గర చెప్పే పద్ధతి ఒకటుంది. పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు, 1880 నుంచి 1885 వరకు ఏలిన తిరువాన్కూరు మహారాజు విశాఖం తిరునాళ్ ప్రోత్సహించాడు, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా బియ్యం ఆగిపోతే కేరళను అదే బతికించింది. ఇవన్నీ నిజాలే. వేల ఏళ్ళ క్రితం అమెజాన్ అడవి మొక్కను పంటగా మార్చిన ఆదివాసులు ఈ కథలో కనిపించరు. విషపు దుంపను తురిమి, పిండి, ఆరబెట్టి తిండిగా చేసుకునే పద్ధతి వాళ్ళ ఆడవాళ్ళది. అది రసాయన శాస్త్రమే. కేరళలో చేలు చదును చేసి, కర్రలు నాటి, యుద్ధకాలంలో ఆ దుంప తిని బతికిన పులయ, పరయ కూలీలు కూడా కనిపించరు. రాజు పేరు మిగిలింది, నాటిన చేతుల పేరు మిగల్లేదు.

పాత కథ ఎందుకంటే, రేపటి కథ కూడా ఇలాగే రాయబోతున్నారు కాబట్టి. సీఎండీ2 రక్షణ ఉన్న నాటు రకాలను కాపాడింది పశ్చిమ ఆఫ్రికా రైతులు. ల్యాబు ఆ జన్యువును గుర్తించింది. కాపాడిన వాళ్ళకు వాటా ఉందా అన్న ప్రశ్న మన చట్టంలో కూడా ఉంది. 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతుకు విత్తనం దాచుకునే, నాటుకునే, మార్చుకునే, పంచుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కు ఇచ్చింది. 2025 నవంబరులో కేంద్రం 1966 విత్తన చట్టం స్థానంలో కొత్త విత్తన బిల్లు ముసాయిదాను చర్చకు పెట్టింది. 1966 చట్టంలోనే విత్తనం అంటే గింజ ఒక్కటే కాదు, దుంపలు, కాండం ముక్కలు కూడా. కాబట్టి కర్రల కట్ట మార్చుకునే సంఘం మహిళ కూడా ఈ చర్చలో భాగమే. కొత్త చట్టం ఏ రూపంలో వచ్చినా, 39వ సెక్షన్ ఇచ్చిన హక్కు అక్షరం కూడా తగ్గకుండా, భూమి పట్టా లేని సాగుదారులకు, సంఘాలకు కూడా వర్తించేలా ఉండాలన్నది మన పట్టు కావాలి.

తిరస్కరణా, స్వాగతమా

మన ఉద్యమాల్లోనే రెండు గొంతులున్నాయి. 2001లో మెదక్ జిల్లాలో ప్రజాతీర్పు పేరుతో ఒక పౌర జ్యూరీ జరిగింది. జ్యూరీలో ఎక్కువ మంది చిన్న, సన్నకారు రైతులు, దళిత, ఆదివాసీ మహిళలు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వ విజన్ 2020ని, జీఎం పంటలను వాళ్ళు విచారించి వద్దన్నారు. తమ వనరుల మీద తమ అధికారం కావాలన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు నడిపిన విత్తన నిల్వలు ఆ మాటకు ఆచరణ రూపం. ఇంకో గొంతు, ఆధునిక విజ్ఞానం వద్దనడం మనల్ని పాత పల్లెలోనే కట్టేస్తుందని అంటుంది. పల్లెను, దాని సంప్రదాయాన్ని కీర్తించే అలవాటు మనకు అంబేడ్కర్ నేర్పలేదని గుర్తు చేస్తుంది. రెండు గొంతుల్లోనూ నిజముంది.

అంబేడ్కర్ 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో కమతం చిన్నదా పెద్దదా అన్నది అసలు సమస్య కాదని వాదించారు. దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు, శ్రమ ఏ పాళ్ళలో ఉన్నాయన్నదే లాభనష్టాలను తేలుస్తుందన్నారు. 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేయాలని, కులభేదం లేకుండా ఊరివాళ్ళకు సమష్టి సాగుకు ఇవ్వాలని, నీళ్ళు, పనిముట్లు, ఎరువు, విత్తనం అందించే బాధ్యత ప్రభుత్వానిదేనని ప్రతిపాదించారు. విత్తనం అన్న మాట ఆ జాబితాలో ఊరికే రాలేదు.

ఆ వెలుగులో చూస్తే మా వైఖరి స్పష్టం. టిష్యూ కల్చర్ మొక్కకు, తెగులు తట్టుకునే సంకర రకానికి మేం వ్యతిరేకం కాదు. అవి ఆలస్యంగా వస్తున్నాయన్నదే మా ఫిర్యాదు. జన్యు మార్పిడి, జన్యు సవరణల విషయంలో మూడు ప్రశ్నలకు బహిరంగంగా జవాబు కావాలి. పేటెంటు ఎవరిది? పరీక్షల సమాచారం ఎక్కడ చూడవచ్చు? పంట పోతే నష్టం ఎవరు కడతారు? ఈ మూడూ తేలకుండా నిబంధనలు సడలించడం, మన పొలాన్ని మనల్ని అడక్కుండా ప్రయోగశాల చేయడమే.

ల్యాబులో ఎవరున్నారు

విద్యార్థి మిత్రులకు ఇంకో మాట. ఏ రకం మీద పని చేయాలి, ఏ జిల్లాకు మొక్కలు పంపాలి అన్న నిర్ణయాలు పరిశోధన సంస్థల గదుల్లో జరుగుతాయి. ఆ గదుల్లో మనవాళ్ళు తక్కువ. ఉన్నవాళ్ళు కూడా చాలాచోట్ల పొలంలో, గాజు నాళికల దగ్గర రోజుకూలీ పనిలో ఉన్నారు. రోహిత్ వేముల జీవశాస్త్రం నుంచి మొదలై విజ్ఞానం, సమాజం మధ్య సంబంధం మీద పరిశోధనకు వచ్చినవాడు. 2016 జనవరి 17 తర్వాత మనం యూనివర్సిటీల గురించి చాలా మాట్లాడాం. ఆ మాటల్లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలు, ప్లాంట్ బయోటెక్నాలజీ ల్యాబులు ఎక్కువగా రాలేదు. ఫెలోషిప్ నెలల తరబడి ఆగితే ముందు మానేసేది ఇంటి నుంచి డబ్బు రాని విద్యార్థే. రోస్టర్ పాయింట్లు, గైడ్ కేటాయింపులు, ఫెలోషిప్ చెల్లింపుల మీద సమాచార హక్కు దరఖాస్తులు వేయాల్సిన చోట్లు ఇవి కూడా.

అడగాల్సినవి

భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలకు షెడ్యూల్డ్ కులాల ఉపప్రణాళిక కింద ప్రత్యేక నిధులు వస్తాయి. రాష్ట్రంలో 2013లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం ఉంది. ఈ డబ్బు ఒకరోజు శిక్షణ, బ్యానరు, ఫొటో, చేతికొక స్ప్రేయరుతో ముగిసిపోకూడదు. మెట్ట మండలాల్లో ఈ పనులు జరగాలి:

ఒకటి, వైరస్ పరీక్ష చేసిన తల్లి మొక్కలను దళిత, ఆదివాసీ మహిళా సంఘాలకు ఇచ్చి, ఊరికో కాండం నర్సరీ పెట్టించాలి. రెండు కణుపుల ముక్కల పద్ధతికి కావలసిన షేడ్‌నెట్, నీటి వసతి ఉపప్రణాళిక నిధుల నుంచి రావాలి. పంచాయతీ భూమిని దీర్ఘకాలం లీజుకు ఇవ్వాలి. కర్రలు అమ్ముకునే ఆదాయం సంఘానిదే కావాలి.

రెండు, కౌలు కార్డుకు యజమాని సంతకం షరతు తీసేయాలి. గ్రామసభ ధ్రువీకరణ చాలు.

మూడు, పెద్దాపురంలో ఉన్న ఉద్యాన పరిశోధన కేంద్రం తెగులు తట్టుకునే రకాలను రైతుల చేలలోనే, మన పేటల చేలతో సహా, పరీక్షించి ఫలితాలను తెలుగులో ఊళ్ళో చదివి వినిపించాలి. పిండి శాతంతో పాటు తిండి రుచి, ఉడికే గుణం కూడా కొలవాలి.

నాలుగు, జిల్లాలోకి వచ్చే కర్రల లారీలకు తెగులు తనిఖీ ఉండాలి. ఆ ఖర్చు రైతు మీద వేయకూడదు.

ఐదు, కొత్త విత్తన చట్టం, జన్యు సవరణ నిబంధనల మీద అభిప్రాయ సేకరణ ఇంగ్లీషు నోటీసుతో ఆగకుండా, తెలుగులో, గ్రామసభల్లో జరగాలి.

ఇందులో ఏదీ అసాధ్యం కాదు. మొక్క ఉంది, పద్ధతి ఉంది, పద్దులో డబ్బు ఉంది. పోయిన ఏడాది ఉపప్రణాళిక కింద మీ జిల్లాలో ఉద్యాన పంటలకు ఎంత వచ్చింది, ఎవరికి ఏమి ఇచ్చారు అని ఒక సమాచార హక్కు దరఖాస్తు వేయండి. జవాబు వచ్చాక ఆ జాబితా పట్టుకుని పేటలోకి వెళ్ళి, పేర్లున్న వాళ్ళ చేతికి నిజంగా ఏమి అందిందో అడగండి. తెగులు లేని మొక్క ఎక్కడ ఆగిపోయిందో అక్కడే తెలుస్తుంది.